బహిర్ దార్‌లో మాయాబజార్

"ప్రతివారం ఈ పేజీలో సినిమా కబుర్లు తెగ రాస్తారు సరే. సినిమా హాలు మొహమే చూడకుండా మీ దంపతులిద్దరూ మూడేళ్ళు ఆఫ్రికాలో ఇంగ్లీషు పాఠాలు వెలగబెట్టారని విన్నాం. ఆ కబుర్లు మాత్రం రాయరేం?" అని తణుకు నుంచి ఓ పాఠకురాలు నిలదీసింది.

రాయకేం! కాకపోతే మూడేళ్ళూ రాసుకుంటూ కూచుంటే ఎడిటరుగారు నన్ను మళ్ళీ ఆఫ్రికా విమానం ఎక్కించేస్తారు. అంచేత ఆఖరి నాలుగు వారాల సంగతే చెబుతాను. ఎంత పెద్ద సినిమా అయినా హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు మన వెంట వచ్చేది చివరి రెండు రీళ్ళే కదా!

ముందు కాస్త పూర్వకథ.

మా ఆయనా నేనూ ఇద్దరం ఎమ్మే ఇంగ్లీషే. రాజమండ్రిలో చెరో ప్రయివేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళం. ఆ జీతాలతో ఇంటి అప్పు తీరాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. ఆ రోజుల్లో ఇథియోపియా వాళ్ళు వరసపెట్టి విశ్వవిద్యాలయాలు తెరుస్తున్నారు. 1990ల నడుమ దాకా ఆ దేశం మొత్తానికి వున్నవి రెండే. మేం వెళ్ళేనాటికి ఇరవై దాటాయి, తిరిగొచ్చేనాటికి ముప్పై దాటాయి. పిల్లలు చిన్న తరగతులు సొంత భాషలో చదువుకుంటారు. తొమ్మిదో తరగతి నుంచి అన్నీ ఇంగ్లీషులోనే. చెప్పేవాళ్ళు చాలక మన దేశం నుంచి మేష్టర్లని పిలిపించుకున్నారు. తెలుగువాళ్ళు చాలామందే వెళ్ళారు. అలా 2011 అక్టోబరులో మేమూ పెట్టేబేడా సర్దుకున్నాం.

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. మేం వెళ్ళే వూళ్ళో మలేరియా వుందని విని, 'ఎంత, రెండేళ్ళే కదా' అనుకుని దాన్ని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం. రెండేళ్ళు కాస్తా మూడేళ్ళయ్యాయి. మధ్యలో 2012లో ఒక్కసారి వచ్చి నలభై రోజులుండి వెళ్ళాం. 2013లో టిక్కెట్ల డబ్బు మిగుల్తుంది కదా అని ఆగిపోయాం. ఈ కథలో ముడి అక్కడ పడింది. గుర్తుంచుకోండి.

* * *

మేమున్న వూరి పేరు బహిర్ దార్. అంటే సముద్రపు ఒడ్డు అని అర్థం. సముద్రం లేదు గాని సముద్రమంత చెరువుంది. టానా సరస్సు. నైలు నదికి రెండు పాయలున్నాయని చిన్నప్పుడు భూగోళంలో చదివాం చూడండి, అందులో నీలి నైలు ఈ సరస్సులోంచే బయల్దేరుతుంది. వాళ్ళు దాన్ని అబ్బాయ్ అంటారు. "గోదారి గట్టు మనిషిని, నది లేని వూళ్ళో నాకు నిద్ర పట్టదు" అంటూ మా ఆయన వచ్చిన రెండు మూడు అవకాశాల్లో ఈ వూరే ఏరుకున్నారు. జీతం ఎంతో చూడకుండా నది ఏదో చూసి సంతకం పెట్టిన మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

వెళ్ళగానే నాకు మహాభాగ్యం పట్టింది. అక్కడి పంచాంగం మనకన్నా ఏడెనిమిదేళ్ళు వెనక. మేం 2011లో విమానం ఎక్కి 2004లో దిగాం! ముప్పై నాలుగేళ్ళదాన్ని ఒక్క రాత్రిలో ఇరవై ఏడేళ్ళదాన్నయిపోయాను. ఏ సినిమా తారకి దక్కుతుంది చెప్పండి ఆ అదృష్టం? ఏడాదికి పదమూడు నెలలు. ముప్పయ్యేసి రోజులవి పన్నెండు, మిగిలిన అయిదారు రోజులకీ ఓ బుల్లి నెల.

గడియారం మరీ చిత్రం. తెల్లవారితే సున్నా నుంచి లెక్క. మన పొద్దున్న ఏడు వాళ్ళకి ఒంటిగంట. "మీ క్లాసు రెండింటికి" అన్నారు మొదటిరోజు. నేను శుభ్రంగా భోంచేసి, చీర మార్చుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. గది ఖాళీ. పిల్లలు పొద్దున్న ఎనిమిదింటికే వచ్చి, నాకోసం చూసి చూసి వెళ్ళిపోయారట. పంతులమ్మ మొదటిరోజే ఎగ్గొట్టిందన్న కీర్తి అలా దక్కింది.

తిండికి మాత్రం ఇబ్బంది లేదు. ఇంజెరా అని అట్టు వేస్తారు. టెఫ్ అని గసగసాలంత గింజ, ఆ పిండి పులియబెట్టి వేసేది. మన పుల్లట్టుకి అక్కగారు. వూళ్ళో ఎక్కువమంది సనాతన క్రైస్తవులు. బుధ, శుక్రవారాలు మాంసం, గుడ్లు, ఆఖరికి పాలు కూడా ముట్టరు. శాకాహారులం మాకు వారానికి రెండు పండగలు. వీధుల్లో తిరిగేవి మన బజాజ్ ఆటోలే, నీలం రంగువి. వాటిని ఆటో అనరు, 'బజాజ్' అనే అంటారు. నా బొట్టు చూడగానే ఆ కుర్రవాడు ఏదో హిందీ పాట పెట్టేవాడు. మేం తెలుగువాళ్ళం నాయనా అని చెప్పి చెప్పి అలిసిపోయి, ఆఖరికి షారుఖ్ ఖాన్ మా పెత్తండ్రి కొడుకే అని ఒప్పేసుకున్నాం.

* * *

ఇక అసలు కథ. 2014 జూన్ నెల. వానలు మొదలయ్యాయి. కాంట్రాక్టు ముగియడానికి నాలుగు వారాలుంది. మరో రెండేళ్ళు వుంటారా అని అడిగారు.

మా ఆయన వుందామన్నారు. "ఇంటి అప్పు తీరింది. ఇంకో రెండేళ్ళుంటే పిల్ల పెద్ద చదువుకి డబ్బు మిగుల్తుందోయ్. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళేగా."

"అప్పటికి దానికి మనం ఎవరం?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. రెండు రోజులు ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోనాడు పొద్దున్నే లేచి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి విమానం టిక్కెట్లు కొనుక్కొచ్చి బల్లమీద పెట్టారు. "నైలు అయిపోయింది, గోదారి పద" అన్నారు. అంతే. మా ఇంట్లో పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి.

ఆ నెలలోనే ఇక్కడ మన రాష్ట్రం జూన్ 2న రెండు రాష్ట్రాలయింది. వెళ్ళేటప్పుడు ఒక రాష్ట్రం వాళ్ళం. దిగేది తెలంగాణలో, చేరేది ఆంధ్రప్రదేశ్‌లో. "మూడేళ్ళు లేకపోయేసరికి ఏమేం మారిపోతాయో చూశావా" అన్నారాయన. ఆయన రాష్ట్రం గురించే అన్నారో, ఇంకెవరి గురించైనా అన్నారో నేను అడగలేదు.

లెక్కలు చూసుకోడానికి బ్యాంకుకి వెళ్ళాను. ఒక బిర్రు అప్పట్లో మన మూడు రూపాయలు. వరసలో నా ముందు కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని ఓ పెద్దాయన నుంచున్నాడు. నన్ను చూసి చక్కని ఇంగ్లీషులో, "మా మేష్టారు మీ దేశమేనమ్మా" అన్నాడు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో, అంటే 1974కి ముందు, అక్కడి బడుల్లో మనవాళ్ళు చాలామంది పనిచేశారు. పెద్దవాళ్ళు నలుగుర్ని కదిపితే ఒకరైనా 'మా ఇండియా మేష్టారు' అంటారు.

"ఆయన మీకు ఇంగ్లీషు బాగా నేర్పినట్టున్నారే" అన్నాను, నా వృత్తి నేను పొగుడుకుంటూ.

"గ్రామరు చెప్పేవారమ్మా. ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. ఒకరోజు జోరున వాన. నాకు గొడుగు లేదని ఆయన గొడుగులో మా ఇంటిదాకా నడిపించుకొచ్చారు. సగం ఆయన తడిశారు. అది గుర్తుంది" అన్నాడు.

బ్యాంకు బయట కూడా జోరున వాన. నా దగ్గర గొడుగుంది. మూడేళ్ళలో అందులో ఒక్క పిల్లనైనా నడిపించుకెళ్ళానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. నా చేతిలో ఎప్పుడూ వుండేది ఎర్ర కలమే.

* * *

ఆ ఆదివారం మా అమ్మకి ఫోన్ చేశాను. ఆదివారం మా ఫోన్ల రోజు.

ఆ మధ్య పిల్ల బొత్తిగా మాట్లాడ్డం మానేసింది. "ఎలా వున్నావమ్మా?" అంటే "ఫైన్ మమ్మీ". "ఏం చదివావు?" అంటే "లెసన్ మమ్మీ". అంతకన్నా మాట పెగలదు. పెద్దదవుతోంది, సిగ్గేమో అనుకున్నాను. ఆ రోజు అసలు ఫోన్ దగ్గరికే రాలేదు.

"అమ్మా, పిల్లేదే?"

మా అమ్మ కాసేపు నసిగింది. తరవాత నెమ్మదిగా అంది. "నీతో చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు ఫోన్ చేసే వేళయిందంటే పిల్ల పెరట్లో నందివర్ధనం చెట్టు చాటుకి పోతోందే. 'నేను రాను, అమ్మ తప్పులు పడుతుంది' అంటోంది."

నిజమే. దాన్ని ఇంగ్లీషు మీడియంలో వేశాం. వేయడానికేగా ఇన్ని పాట్లు! అది ముచ్చటపడి "యెస్టర్‌డే ఐ గోయ్‌డ్ టు టెంపుల్" అంటే నేను "గోయ్‌డ్ కాదమ్మా, వెంట్" అనేదాన్ని. గుళ్ళో ఏం చూశావు, ప్రసాదం ఏం పెట్టారు అని అడిగానా? లేదు. "ఏదీ, మళ్ళీ చెప్పు, వెంట్" అనేదాన్ని. అది మళ్ళీ చెప్పేది. గుడి సంగతి అక్కడితో ఆగిపోయేది.

నన్ను తిట్టుకోకండి. వేల కిలోమీటర్ల దూరాన వున్నట్టుంటుంది ఫోన్లో గొంతు. ఫోన్లో జడ వెయ్యలేను. అన్నం కలిపి పెట్టలేను. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యలేను. ఇంత దూరం నుంచి ఆ పిల్లకి నేను చేయగలిగింది ఒక్కటే, తప్పు దిద్దడం. చేతనైనదే చేశాను. చేసి, పిల్లని చెట్టు చాటుకి పంపించాను.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన నన్ను ఓదారుస్తారు. ఓదార్పు నాకు అప్పుడు అక్కర్లేదు.

* * *

పరీక్షలయ్యాక పిల్లలు మాకు వీడ్కోలు సభ చేస్తామన్నారు. "ఉపన్యాసాలు వద్దు, సినిమా వేద్దాం" అన్నారు మా ఆయన. ఏం సినిమా? ఇంకేం సినిమా! ఆయన బట్టలు మరిచిపోయినా మాయాబజార్ డీవీడీ మరిచిపోరు. 1957 నాటి సినిమాకి 2010లో రంగులద్ది విడుదల చేశారే, ఆ ప్రతి. ఆ ఏడాది జనవరి 22న అక్కినేని పోయారని తెలిసిన రాత్రి ఆయన ఒక్కరే కూచుని అభిమన్యుడి సీన్లు చూసుకున్నారు. నేను పిలవకపోయినా వెళ్ళి పక్కన కూచున్నాను.

తరగతి గదిలో తెల్లగోడే తెర. నలభైమంది దాకా పిల్లలు. మొక్కజొన్న పేలాలు, కాఫీ. తెలుగు మాటలు, కింద అక్షరాలు లేవు. ఈయన గోడ పక్కన కర్ర పుచ్చుకుని నుంచుని, ఒక్కో మాటకీ సినిమా ఆపి ఇంగ్లీషులో చెబుతున్నారు. కృష్ణుణ్ణి "హీరోగారి తెలివైన మేనమామ" అని పరిచయం చేశారు. నేను భయపడ్డాను, ఈ లెక్కన మూడుగంటల సినిమా మూడురోజులు నడుస్తుందని.

కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. పాండవుల ఆస్తి పోయిందని బలరాముడూ, రేవతీ పిల్లనిస్తామన్న మాట తప్పే ఘట్టం వచ్చేసరికి ఆయన చెప్పక్కర్లేకపోయింది. "మా వూళ్ళోనూ ఇంతే సార్" అన్నాడు ఓ కుర్రాడు. శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడు మగనడక నడుస్తూ వుంటే సావిత్రిని చూసి గది గదంతా పడిపడి నవ్వింది. ఆ మహాతల్లి 1981లో పోయిందంటే ఎవరూ నమ్మలేదు.

అంతకు ముందు ఓ ముచ్చట జరిగింది. చిన్నమయ్య రాక్షసులకి చదువు చెప్పే ఘట్టం మీకు తెలుసుగా? పాపం ఆయన 'అస్మదీయులు' అని నేర్పబోతాడు. రాక్షసుడికి నోరు తిరగక 'అసమదీయులు' అంటాడు. అంతేనా, దానికి జోడీగా 'తసమదీయులు' అని ఇంకోటి కూడా పుట్టిస్తాడు. పంతులు నొచ్చుకుంటాడు. ఘటోత్కచుడు మాత్రం భలే అని మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు. పింగళివారి పుణ్యమా అని ఆ తప్పు మాటలే తెలుగువాళ్ళ నోళ్ళలో నిలిచిపోయాయి.

దీన్ని ఇంగ్లీషులోకి ఎలా తెస్తారు? మా ఆయన 'అవర్ పీపుల్, దెయిర్ పీపుల్' అని తంటాలు పడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఆఖరికి విసుగెత్తి, "పంతులు స్కూల్ అంటే శిష్యుడు ఇస్కూల్ అంటాడు. రాజుగారు వచ్చి ఇస్కూలే బావుంది పొమ్మంటాడు" అన్నారు.

గది ఎగిరిపోయింది! ఎందుకంటే ఆ దేశంలోనూ నోరు స్కూల్ అనమంటే ఇస్కూల్ అనే అంటుంది. అందరూ వెనక బెంచీలో వున్న ఒక పిల్లకేసి తిరిగి నవ్వుతున్నారు. ఆ పిల్ల మొదటి ఏడాది నా క్లాసులో 'ఇస్కూల్' అంటే నేను నుంచోబెట్టి పదిసార్లు 'స్కూల్' అనిపించాను. పదకొండోసారి సరిగ్గానే అంది. అప్పటినుంచీ వెనక బెంచీకి వెళ్ళిపోయింది. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చేవి. నోరు మాత్రం మళ్ళీ విప్పలేదు. బిడియస్తురాలు కాబోలు అనుకున్నాను. అనుకోడం నాకు అలవాటేగా!

ఆ పిల్ల లేచి నుంచుంది. నవ్వుతూనే అంది. "టీచర్, ఈ పెద్దాయన మా క్లాసుకి వచ్చివుంటే నేను మూడేళ్ళూ మాట్లాడుతూనే వుండేదాన్ని."

ఆ ఇంగ్లీషు వాక్యంలో రెండు తప్పులున్నాయి. రెండూ నాకు వినబడ్డాయి. అదీ నా జబ్బు. ఆ పిల్ల అన్న మాట ఆ రెండు తప్పుల తరవాత గాని నా చెవిలోకి ఎక్కలేదు.

మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ బతికినన్నాళ్ళూ 'ఇస్కూలు' అనే అంది. గేదె పాలమ్మి నా ఫీజు కట్టింది. ఆవిడ ఇస్కూలుకి పంపకపోతే నాకు స్కూలు అనడం వచ్చేదా!

వివాహభోజనం పాట వచ్చింది. లడ్డూలు వాటంతటవి లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెడుతున్నాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లడ్డు గాల్లోనే వుండిపోయింది. బయట కుంభవృష్టి. పిల్లలు హాహాకారాలు చేశారు. మా ఆయన ఆగుతారా? సెల్‌ఫోన్లన్నీ వెలిగించమని, ఆ వెలుగులో పొట్ట ముందుకు పెట్టి, కర్ర గద చేసి భుజానికెత్తి, లేని గారెలూ, లేని బూరెలూ భోంచేయడం మొదలెట్టారు. మిగతా కథంతా అలాగే నటించి చెప్పారు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆయనలో అంత నటుడున్నాడని నాకు తెలీదు. తెలిస్తే పెరుగు మాడిపోయిందని చెప్పిన రోజుల్లోనే కనిపెట్టేదాన్ని.

చివర పిల్లలు మా ఇద్దరికీ నెటెలాలు కప్పారు. పల్చటి తెల్లటి నూలు వస్త్రం, అంచున రంగుల నేత. "వీరతాడు, వీరతాడు" అని ఒకటే అరుపులు. ఆ మాట ఒక్క రాత్రిలో వాళ్ళ భాషలో చేరిపోయింది. నేను నాది తీసి, వెనక బెంచీకి వెళ్ళి ఆ పిల్ల మెడలో వేశాను. "ఇది నాకు చెందదు, నీదే" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. నేను ఏడవలేదు. నా వంతు ఇంకా రాలేదు.

తప్పులు దిద్దకపోతే పంతులమ్మ ఎందుకు అంటారా? దిద్దాలి. అందుకే జీతం. కాని చెప్పేది పూర్తిగా విన్నాక దిద్దాలి.

* * *

మా ఇంటావిడ పెద్ద ముసలావిడ. ఎమామ అని పిలిచేవాళ్ళం. మన అమ్మమ్మలాంటి పిలుపు. నన్ను 'లిజె' అనేది, అంటే నా బిడ్డా అని. ఆవిడ కూతురు సౌదీలో ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. మా కోనసీమ ఆడవాళ్ళు కువైట్ వెళ్ళినట్టే. 2013 నవంబరు నుంచి సౌదీవాళ్ళు లక్షమందికి పైగా ఇథియోపియా వాళ్ళని వెనక్కి పంపేశారు. ఆ వరసలో ఆ అమ్మాయీ వచ్చింది. ఎమామ దగ్గర వదిలి వెళ్ళిన పిల్లవాడికి అప్పటికి అయిదేళ్ళు. వాడు తల్లిని చూసి 'అత్తా' అని పిలిచాడు. గోడ అవతల నుంచి నేను విన్నాను.

మా ఆఖరిరోజున ఎమామ కాఫీకి పిలిచింది. అక్కడ కాఫీ అంటే మన రెండు నిమిషాల కాఫీ కాదు. నేలమీద పచ్చిగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలు మన కళ్ళముందే బొగ్గుల మీద వేయించి, ఆ పొగ అందరికీ చూపించి, రోట్లో దంచి, జెబెనా అనే నల్ల మట్టికూజాలో కాస్తారు. మూడుసార్లు పోస్తారు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. బెరెకా అంటే దీవెన. మూడోది తాగకుండా లేవకూడదు.

వాకిట్లో బజాజ్ ఆగివుంది. సామానెక్కించేశారు. మా ఆయన గడియారం చూసుకుంటున్నారు. నేను ఎమామని అడిగాను, మనవడు తల్లిని ఎన్నాళ్ళకి అమ్మా అన్నాడని.

"నాలుగు నెలలు" అంది.

"ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. రోజూ వాడికి కనబడే చోట కూచుని కాఫీ గింజలు వేయించింది. ఒకనాడు వాడే వచ్చి ఒళ్ళో కూచున్నాడు." నా చెయ్యి పట్టుకుని, "ఐజోష్" అంది.

ఈ మాట గురించి చెప్పాలి. కాలుజారి పడినా ఐజోష్. జ్వరమొచ్చినా ఐజోష్. ఇంట్లో ఎవరు పోయినా ఐజోష్. ఆడవాళ్ళకయితే ఐజోష్, మగవాళ్ళకయితే ఐజోహ్. ధైర్యంగా వుండు, ఏం కాదులే, మేం లేమూ... ఇవన్నీ కలిపి ఒక్క మాట. ఇద్దరు ఎమ్మే ఇంగ్లీషులం మూడేళ్ళు కొట్టుకున్నా దానికి ఇంగ్లీషు మాట దొరకలేదు.

వారం ముందు ఫోన్లో మా అమ్మాయికి నేర్పింది ఆ మాటే. "అమ్మడూ, నాకో కొత్త మాట వచ్చింది. నాకూ సరిగ్గా పలకదు. నువ్వు ప్రయత్నం చేస్తావా?" అన్నాను తెలుగులో. చెట్టు చాటు నుంచి ఫోన్ దాకా రావడానికి దానికి అయిదు నిమిషాలు పట్టింది. వచ్చి, "ఐజోచు" అంది. అని కిసుక్కున నవ్వింది. తరవాత ఇరవై నిమిషాలు మా అమ్మ పెంచుతున్న కోడిపెట్ట గురించి చెప్పింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. తప్పులెన్నో నేను లెక్కపెట్టలేదు. అబద్ధం. మొదటి మూడూ లెక్కపెట్టాను. తరవాత కోడి గుడ్లమీంచి లేవనంటోందని చెబుతూ వుంటే లెక్క మరిచిపోయాను.

ఎమామ మూడో కప్పు పోసింది. మా ఆయన గడియారం జేబులో పెట్టేసుకుని కూచున్నారు. తాగాం. విమానం ఎలాగూ వానకి గంటన్నర ఆలస్యం!

* * *

ఆడిస్ అబాబా, బొంబాయి, హైదరాబాదు. నాకు తగ్గిన ఏడేళ్ళూ ఆ విమానంలోనే వడ్డీతో సహా తిరిగొచ్చేశాయి. అక్కణ్ణించి గౌతమీ ఎక్స్‌ప్రెస్. తెల్లవారుజామున కొవ్వూరు దాటి బండి గోదారి వంతెన ఎక్కింది. మా ఆయన కిటికీ దగ్గర నుంచుని ఒక బిర్రు బిళ్ళ నదిలోకి వేశారు. "నైలునది పంపిందని చెప్పు" అన్నారు గోదారితో.

రాజమండ్రి స్టేషన్లో మా అమ్మ నుంచుని వుంది. ఆవిడ వెనక రెండు జడలు, ఒక గౌను అంచు కనిపిస్తున్నాయి. సినిమాలో అయితే ఇక్కడ పిల్ల పరిగెత్తుకు రావాలి. వెనక వయొలిన్లు మోగాలి. పిల్ల రాలేదు. టీ అమ్మేవాడి కేక తప్ప ఏమీ మోగలేదు. ఎమామ చెప్పిందిగా, నాలుగు నెలలు అని. నాకు అంతా తెలుసు. తెలిసీ ఏం చేశాననుకున్నారు? పెట్టెమీద కూలబడి భోరున ఏడ్చాను. ప్లాట్‌ఫారం మీద, అంతమంది ముందు.

ఎంతసేపయిందో తెలీదు. భుజం మీద ఓ చిన్న వేలు పడింది. పొడిచినట్టుగా, ఒక్క వేలే.

"ఐజోచు" అంది.

దిద్దలేదండీ.

ఇప్పుడది కాలేజీలో చదువుతోంది. నా ఇంగ్లీషులో తప్పులు పడుతోంది. నేను రాసే ఈ పేజీలో తెలుగు తప్పులు కూడా పడుతోంది. ఆ తరవాత ఆ దేశాన్ని కష్టాలు చుట్టుముట్టాయి. 2020 నవంబరు నుంచి రెండేళ్ళు ఉత్తరాన తిగ్రాయ్‌లో యుద్ధం. 2023 ఆగస్టులో బహిర్ దార్ వున్న అమ్హారా ప్రాంతంలోనే పోరాటం ముదిరి అత్యవసర పరిస్థితి పెట్టారు. చాలా వారాలు ఫోన్లు కలవలేదు. ఓ రాత్రి ఎమామ కూతురు గొంతు వినబడగానే ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని గట్టిగా అరిచింది, "ఐజోచూ!" అని. అవతల ఆ అమ్మాయి ఆ మాట గుర్తుపట్టింది.

జెబెనా మా ఇంట్లోనే వుంది. తణుకు పాఠకురాలు ఎప్పుడైనా రాజమండ్రి వస్తే కాఫీ ఇస్తాను. కాని మూడు కప్పులకీ తీరిక చేసుకుని రావాలి సుమా!

వచ్చేవారం మళ్ళీ మన సినిమా కబుర్లే.